కడబంతివారి సముద్రము

1968వ సంవత్సరము మార్చి 18వ తేదీని అమెరికా సంయుక్త రాష్ట్రముల సర్వోన్నత న్యాయస్థానము మిక్కిలి చిన్నదైన యొక తీర్పును వెలువరించెను. దక్షిణ కరొలైనా రాష్ట్రమున ‘పిగ్గీ పార్క్’ అను పేర కొన్ని భోజనశాలలను నడపుచుండిన యొక యజమాని, నల్లజాతివారికి తన శాలలలో భుజించు అవకాశమును నిరాకరించి, 1964వ సంవత్సరపు పౌరహక్కుల శాసనము తనను బంధింపజాలదని వాదించి యోడిపోయెను; అట్టి యన్యాయము నెదిరించి గెలిచినవారి న్యాయవాద వ్యయమును సామాన్యముగా ఓడినవాడే భరింపవలయునని ఆ తీర్పు శాసించినది. తొమ్మిది దినములు గడచిన పిమ్మట, మార్చి 27వ తేదీని, ఫ్లారిడా రాష్ట్రమున లేక్‌లాండ్ అను పట్టణమున ‘రెడ్ లాబ్‌స్టర్’ అను సముద్రాహారశాల తన తలుపులు తెరచెను. మరి యెనిమిది దినములకు, ఏప్రిల్ 4వ తేదీని, మెంఫిస్ నగరమున మార్టిన్ లూథర్ కింగ్ హత్య గావింపబడెను. ఈ మూడు సంగతులకును పరస్పరము కార్యకారణ సంబంధము లేదు. అయినను వానిని ప్రక్కప్రక్కన నిలిపి చూచినప్పుడే, ఒక వ్యాపారసంస్థ లెక్కల మాటున దాగియున్న సంఘచరిత్ర నాకు గోచరించినది.

మన తెలుగువారికి బంతి యన నేమో వేరుగ చెప్పనక్కరలేదు. ఎవరి సరసను ఎవరు కూర్చుండవచ్చును, ఎవరికి ముందు వడ్డింపవలయును, ఎవరు వాకిట నిలిచి తమ వంతునకై యెదురుచూడవలయును అను విషయములపై మన పల్లెలు తరతరములు కలహించినవి. సహపంక్తి భోజనమను ఒక్క మాట మన సంఘసంస్కర్తల చేతిలో ఆయుధమై, ఎన్నియో పాత బంధుత్వములను త్రెంచినది, ఎన్నియో క్రొత్త బంధుత్వములను కలిపినది. అందుచేత, సప్తసముద్రముల కావలనున్న యొక భోజనశాల కథను చెప్పబూనినప్పుడు ఈ బంతి యను మాటనే చేతిదీపముగా పట్టుకొని నడచుట నాకు సుకరముగా తోచుచున్నది.

ఆ శాలకు పేరిచ్చిన లాబ్‌స్టర్, మన తీరమున మత్స్యకారుల వలలలో పడు ముండ్ల జాతికి దూరపు చుట్టమే కాని అదియే కాదు. ఉత్తర అట్లాంటిక్ మహాసముద్రపు శీతలజలములలో, రాతిసందుల నడుమ జీవించు ఆ జంతువునకు ముందర రెండు బలిష్ఠములైన గోళ్ళుండును. అందొకటి చితుకగొట్టుటకు, రెండవది త్రుంచుటకు ఉపయోగించును. బ్రతికియున్నంత కాలము దాని పెంకు నీలియు పచ్చయు కలిసిన ముదురు గోధుమవన్నెగా నుండును. ఎర్రని వర్ణద్రవ్యము పెంకులో లేకపోలేదు. అది యొక మాంసకృత్తుతో ముడివడి కంటికి కానరాక యుండును. సలసల కాగు నీటిలో ఆ ముడి వీడిపోగానే దాచబడియున్న ఎరుపు వెలికివచ్చును. కావున ఎర్రని లాబ్‌స్టర్ అనగా వండిన లాబ్‌స్టర్ అనియే యర్థము. ఆ పేరును ఉచ్చరించినంతనే విస్తరి వేసినట్లగును.

ఈ జీవికి ఆదిని ఏపాటి గౌరవమును లేదు. 1623లో క్రొత్తగా వలసవచ్చినవారు నౌకలు దిగి ఆంగ్లేయుల వలసయగు ప్లిమత్ చేరినప్పుడు, వారికి పెట్టుటకు రొట్టె యైనను లేక, ఉన్నదానిలో మేలైనదిగా ఒక లాబ్‌స్టరునో చేపముక్కనో యిచ్చి, ఊటనీటితో సరిపెట్టవలసి వచ్చెనని గవర్నరు విలియం బ్రాడ్‌ఫర్డ్ తన వలసకాలపు చరిత్రలో దైన్యముతో వ్రాసికొనెను. అతిథికి లాబ్‌స్టర్ పెట్టుట ఆనాడు దారిద్ర్యమునకు గుర్తు. తీరవాసులు దానిని చేలకు ఎరువుగా వేసిరి, పేదలకు పెట్టిరి. 1840ల ప్రాంతమున మెయిన్ రాష్ట్రమున దానిని ఉడికించి డబ్బాలలో మూసి పంపు పరిశ్రమ వెలసినది. రైలుమార్గములు వ్యాపించి, వేసవి విహారమునకు తీరమునకు వచ్చు నగరవాసులు దాని రుచి మరగినకొలది, వెల పెరిగినది. న్యూయార్కులోని డెల్మొనికో భోజనశాల వెన్నయు మీగడయు గ్రుడ్డుసొనయు కలిపి ‘లాబ్‌స్టర్ న్యూబర్గ్’ అను వంటకమును ప్రసిద్ధము గావింపగా, ఆ శతాబ్దాంతమున బ్రాడ్‌వే వీథిలో రెక్టర్స్ మున్నగు విలాసశాలలు వెలసి ‘లాబ్‌స్టర్ మహలు’లని పేరొందినవి. పొలమునకు ఎరువైనది నాటకశాలలనుండి వెడలివచ్చు శ్రీమంతుల అర్ధరాత్రి విందైనది. వస్తువు మారలేదు, దానికెదురుగా కూర్చున్నవారు మారిరి.

ఇట్లు ధనికుల బంతికెక్కిన దానిని మరల సామాన్యుని యొద్దకు తెచ్చినవారిలో ముఖ్యుడు బిల్ డార్డెన్. ఇతడు 1938లో, పందొమ్మిదేండ్ల ప్రాయమున, జార్జియా రాష్ట్రపు వేక్రాస్ పట్టణమున ఇరువదియైదు ఆసనముల చిన్న ఫలహారశాలను తెరచి, దానికి ‘గ్రీన్ ఫ్రాగ్’ అని పేరిడెను. మూడు దశాబ్దముల వ్యాపారానుభవము గడించిన పిమ్మట, చార్లీ వుడ్స్‌బీ యను భాగస్వామితో కలిసి లేక్‌లాండున సముద్రాహారశాలను స్థాపించెను. స్థలనిర్ణయమునందే ఈతని యోచన యంతయు కలదు. లేక్‌లాండ్ రేవుపట్టణము కాదు. ఫ్లారిడా ద్వీపకల్పపు నడుమ, సరస్సులకును నారింజతోటలకును ఫాస్ఫేటు గనులకును పేరుపడిన ప్రదేశము. సముద్రపు ఒడ్డున చేపల పాకలు ఉండనే యున్నవి. మహానగరములలో తెల్లని వస్త్రములు పరచిన బల్లలును, ఫ్రెంచి పేర్ల వంటకముల పట్టికలును ఉండనే యున్నవి. ఈ రెంటికిని మధ్య, కుటుంబసమేతముగా పోయి బల్లయొద్ద గౌరవముగా కూర్చుండి, వడ్డించువారు వచ్చి అడుగగా, తన సంపాదనకు మించని వెలతో సముద్రాహారమును భుజింపగల స్థలము లోతట్టు పట్టణముల వానికి లేదు. ఆ లోటును డార్డెన్ కనిపెట్టెను.

ఈ సాహసమునకు శాస్త్రము ముందే బాట వేసియుండెను. 20వ శతాబ్దపు రెండవ దశకమున లాబ్రడార్ ప్రాంతమున సంచరించిన క్లారెన్స్ బర్డ్స్‌ఐ, అచ్చటి ఆదివాసులు పట్టిన చేపలు ఆ ఘోరశీతమున క్షణములలో గడ్డకట్టి, నెలలు గడచిన పిదప కరగించినను క్రొత్తవానివలెనే యుండుటను గమనించి, 1920లలో శీఘ్ర ఘనీభవన యంత్రములను నిర్మించెను. మెల్లగా గడ్డకట్టించినచో పెద్ద మంచుకణికలు మాంసపు కణములను చీల్చివేయును. వేగముగ గడ్డకట్టించినచో కణికలు సూక్ష్మములై పీచు చెడకుండును. ఈ యొక్క సూత్రముతోడను, రెండవ ప్రపంచయుద్ధానంతరము దేశమంతట అల్లుకొన్న రాజమార్గములతోడను, సముద్రము లారీలెక్కి లోతట్టు పట్టణములకు ప్రయాణము సాగించెను.

1970లో జనరల్ మిల్స్ అను పిండిమరల సంస్థ ఈ శాలలను కొనెను. అప్పటికి అవి వ్రేళ్ళపై లెక్కింపదగినవి మాత్రమే. ఒక తరము గడచునప్పటికి వందలకొలది యైనవి. మొట్టమొదటి శాలకు నిర్వాహకుడుగా చేరిన జో లీ యను యువకుడు కాలక్రమమున ఆ భోజనశాలల సంస్థ యంతటికిని అధిపతి యాయెను. డార్డెన్ 1994లో కాలధర్మము నొందగా, మరుసటి సంవత్సరము భోజనశాలల విభాగము వేరుపడి అతని పేరనే స్వతంత్రసంస్థ యాయెను.

ఆ శాలలోనికి అడుగిడినవానికి మొట్టమొదట కనిపించునది వాకిటికడ గాజుతొట్టి. అందులో, గోళ్ళకు రబ్బరుపట్టీలు వేయబడిన లాబ్‌స్టర్లు ఒండొంటిపై మెల్లగ ప్రాకుచుండును. పిల్లలు గాజునకు ముఖము ఆనించి చూచుచుందురు. కూర్చున్నంతనే, తెమ్మని యడుగకయే, వేడివేడి రొట్టెముక్కల బుట్ట వచ్చును. వీనిని బిస్కట్లందురు గాని ఇవి మనము తేనీటిలో ముంచుకొను గట్టి బిస్కట్లు కావు. చెడ్డార్ జున్ను కలిపి కాల్చి, వెల్లుల్లి చేర్చిన వెన్నను పైన పూసిన మెత్తని రొట్టెలు. పూర్వము మొక్కజొన్నపిండి బోండాలను, దక్షిణ రాష్ట్రముల పద్ధతిని, వడ్డించుచుండెడివారు. 1992 ప్రాంతమున ఈ బిస్కట్లు వచ్చి వాని స్థానము నాక్రమించి, తుదకు శాల పేరుకంటెను తామే యెక్కువ ప్రఖ్యాతి గాంచినవి. అడుగక వచ్చు వడ్డనయందు ఒక మర్యాద కలదు. అతిథి తన చేతిలోని ధనమును మనస్సున లెక్కించుకొనుటకు ముందే ఆతని ఆకలిని ఆదరించుట అది. పిదప మెడకు కట్టుకొను కాగితపు తువాలు, పెంకు పగులగొట్టు పట్టకారు, కరగిన వెన్న గిన్నె. చేతులార త్రుంచుకొని, వేళ్ళు నాకుచు తినవలసిన ఆహారమగుటచేత, చాకుపట్టు తీరు తెలియదని సిగ్గుపడవలసిన పని యెవనికిని లేదు. వంటకముల పట్టికలో చిత్రములు ఉండును, వెలలు స్పష్టముగ వ్రాసియుండును. పెద్ద భోజనశాలకు తొలిసారి పోవు నిరుపేదను బాధించు భయములు రెండే. అర్థముకాని పేరు పలుకుటయు, ఊహింపని మొత్తము చెల్లించుటయు. ఈ రెండు భయములను ఆ పట్టిక తొలగించినది.

ఈ భయరాహిత్యము నల్లజాతి కుటుంబములకు ఎంత విలువైనదో తెలిసికొనుటకు కొంత వెనుకకు పోవలయును. హార్లెమ్ నివాసియైన విక్టర్ గ్రీన్ అను తపాలా ఉద్యోగి 1936 నుండి ‘గ్రీన్ బుక్’ అను మార్గదర్శిని ప్రకటించుచుండెను. ప్రయాణములలో నల్లజాతివారిని అవమానింపక అన్నము పెట్టు స్థలము లెక్కడ గలవో తెలుపుటయే దాని పని. అన్నము దొరకు చోట్లకు ఒక పుస్తకము కావలసిన దేశమది. 1960 ఫిబ్రవరి 1వ తేదీని ఉత్తర కరొలైనాలోని గ్రీన్స్‌బరో పట్టణమున నలుగురు విద్యార్థులు వుల్‌వర్త్ దుకాణపు ఫలహారపు బల్లయొద్ద కూర్చుండి, వడ్డింపకున్నను లేవక, సత్యాగ్రహము గావించిరి. బర్మింగ్‌హామ్ నగరమున ఆలీస్ బార్బెక్యూ అను శాల నల్లజాతివారికి పొట్లము కట్టి యిచ్చుచుండెను గాని లోపల కూర్చుండనీయకుండెను. 1964 డిసెంబరులో సర్వోన్నత న్యాయస్థానము ఆ నిషేధమును త్రోసిపుచ్చెను. ఆహారమును అమ్ముటకు అభ్యంతరము లేదు, ఆసనము నిచ్చుటకే అభ్యంతరము. బంతి బాధ నెరిగిన మన దేశీయునికి ఇందలి మర్మము విప్పి చెప్పనక్కరలేదు.

శాసనము తలుపు తెరపింపగలదు, రమ్మని పిలిపింపజాలదు. నిన్నటివరకు త్రోసివేసిన శాలలోనికి హక్కుపత్రముతో ప్రవేశించినవానికి అన్నము దొరకును గాని ఆ అన్నము ఒంటబట్టదు. పాత అవమానముల జ్ఞాపకము లేని క్రొత్త గోడలు కావలయును. 1968 మొదలుకొని పుట్టి, లోతట్టు పట్టణముల రహదారుల ప్రక్కన వెలసిన ఈ శాలలు అట్టి క్రొత్త గోడలైనవి. ఆదినుండియు అవి నల్లజాతి అతిథులను ఆహ్వానించినవి, నల్లజాతివారిని కొలువున నియమించినవి. వడ్డించువాడు మనవాడైనచో కడబంతిని కూర్చున్నను కొదువలేదని మన సామెత. ఇచ్చట వడ్డించువాడు తనవాడగుటయే కాక, కడబంతి యనునదియే లేకపోయెను. ముందు వచ్చినవానికి ముందు, తరువాత వచ్చినవానికి తరువాత. ఆదివారము ప్రార్థన ముగించుకొని పండుగ వస్త్రములతో వచ్చు కుటుంబములకును, బిడ్డ పట్టభద్రుడైన దినమునకును, తల్లి జన్మదినమునకును, తొలి జీతమునకును ఇది తగిన చోటైనది. దక్షిణ తీరముల నల్లజాతి వంటలలో చేపయు రొయ్యయు పీతయు అనాదిగా నున్నవే కదా; ఇంటి రుచియే గౌరవాసనమున వడ్డింపబడుట వారికి ప్రీతిపాత్రమైనది. మిసిసిపి రాష్ట్రమున జన్మించిన నల్లజాతీయుడు క్లారెన్స్ ఓటిస్ 2004లో డార్డెన్ సంస్థకు ప్రధానాధికారి యాయెను. 2016లో ప్రఖ్యాత గాయని బియోన్సే తన ‘ఫార్మేషన్’ గీతమున ఈ శాల పేరెత్తగా, ఆ వారాంతపు విక్రయములు అంతకుముందటి యేటికంటె మూడవవంతు పెరిగినవని సంస్థయే ప్రకటించెను. అర్ధశతాబ్దపు జ్ఞాపకము వెనుక లేనిదే ఒక పాటలోని ఒక్క పేరు అంతమందిని కదల్పజాలదు.

ఇక రెండవ అధ్యాయము రొయ్యది. పేరు లాబ్‌స్టరుదైనను, పెక్కు పళ్ళెములను నింపినది రొయ్యయే. 1974లో ఈ శాలలు చిన్న రొయ్యలను పిండిలో ముంచి వేయించి, పేలాలవలె గుప్పిళ్ళతో తినునట్లు అమ్మసాగెను. 2001లో అమెరికనులు తినెడి జలచరములలో రొయ్య డబ్బా ట్యూనాను దాటి ప్రథమస్థానము నొందెను. ఇంత రొయ్య సముద్రమునుండి వచ్చినది కాదు. ఉష్ణదేశముల చెరువులనుండి వచ్చినది. ఇటీవలి సంవత్సరములలో అమెరికాకు రొయ్య నంపు దేశములలో అగ్రగామి భారతదేశము. భారతదేశమున పెంపకపు రొయ్యకు అగ్రగామి ఆంధ్రప్రదేశ్. ఇచ్చట మన కథయు వారి కథయు కలియుచున్నవి.

గోదావరి, కృష్ణా, నెల్లూరు మండలములలో 1990ల ఆరంభమున టైగర్ రొయ్య ఐశ్వర్యమును తెచ్చినది. 1994 నుండి తెల్లమచ్చ తెగులు ఆ ఐశ్వర్యమును తుడిచిపెట్టినది. వరిచేలు చెరువులై, త్రాగునీరు ఉప్పనై, తీరగ్రామముల ప్రజలు మొరపెట్టుకొనగా, 1996 డిసెంబరులో మన సర్వోన్నత న్యాయస్థానము తీరనియంత్రణ మండలములోని చెరువులపై కఠినమైన తీర్పు నిచ్చెను. 2005లో తీరప్రాంత జలసేద్యమునకు ప్రత్యేక శాసనము వచ్చెను. 2009లో పసిఫిక్ తీరపు జాతియగు వనామి రొయ్యకు అనుమతి లభింపగా, భీమవరము పరిసరములు మరల చెరువులతో నిండినవి. నేటికిని ఆ గట్లపై రాత్రి యంతయు ఏరియేటర్లు నీటిని చిలుకుచుండును. రైతు కునుకు తీయక, కరెంటు పోయినచో ప్రాణవాయువు తగ్గి తెల్లవారునప్పటికి పంట తేలిపోవునని భయపడుచు, చెక్ ట్రే ఎత్తి రొయ్య మేత తిన్నదో లేదో చూచుకొనుచుండును. అతని భాగ్యమును నిర్ణయించు మాట ‘కౌంట్’. కిలోకు ముప్పది తూగినచో ఒక ధర, నూరు తూగినచో వేరొక ధర. అదే మాటను అమెరికా వంటవాడు పౌనుకు లెక్కగట్టి పలుకును. సంబంధము మాటతో ఆగలేదు. రెడ్ లాబ్‌స్టర్ సంస్థలో 2016లో నాల్గవవంతు భాగమును కొని, 2020లో తక్కినదానిని భాగస్వాములతో కలిసి సొంతము చేసికొనిన బ్యాంకాకు నగరపు థాయ్ యూనియన్ సంస్థయే, హైదరాబాదు కేంద్రముగా, కొవ్వూరున రొయ్యమేత కర్మాగారములను నడపు అవంతి ఫీడ్స్ సంస్థలో చిరకాలముగా పెద్ద వాటాదారు. ఒకే చేయి ఈ కొనను మేత చల్లినది, ఆ కొనను పళ్ళెము పెట్టినది.

సమృద్ధి హద్దు మీరినచోట పతనము మొదలైనది. 2003లో కోరినంత పీత యను ఆకర్షణను ప్రకటించి, జనులు ఎన్ని పళ్ళెములు తినగలరో అంచనా తప్పి సంస్థ నష్టపడెను. ఇరువదేండ్ల పిదప, 2023లో, ఇరువది డాలర్లకు కోరినంత రొయ్యను నిత్యవడ్డనగా మార్చి, ఒక్క త్రైమాసికముననే ఒక కోటి పది లక్షల డాలర్ల నష్టమును మూటగట్టుకొనెను. లోకము ఆ రొయ్యనే దోషిగా నిలిపినది. కాని అంతకంటె లోతైన దెబ్బ 2014లోనే తగిలియుండెను. ఆ యేట డార్డెన్ సంస్థ ఈ శాలలను గోల్డెన్ గేట్ క్యాపిటల్ అను పెట్టుబడి సంస్థకు 210 కోట్ల డాలర్లకు అమ్మగా, కొన్నవారు అయిదువందలకు పైబడిన శాలల క్రింది భూమిని వెంటనే 150 కోట్లకు వేరొకరికి విక్రయించిరి. అప్పటినుండి ఆ శాలలు తమ ఇంట తామే అద్దెకుండవలసి వచ్చెను. 2023లో చెల్లింపవలసిన అద్దెల మొత్తము 19 కోట్ల డాలర్లు. అందు ఆరు కోట్లకు పైగా గిట్టుబాటు కాని శాలలకే. పెరటి బావి అమ్ముకొని నీటికి పొరుగింటికి పోవు సంసారము ఎన్నాళ్ళు నిలుచును? 2024 మే 19వ తేదీని సంస్థ దివాలా రక్షణను కోరెను. నూరింటికి పైగా శాలలు మూతపడినవి. ఆ సెప్టెంబరున అది క్రొత్త యజమానుల చేతికి పోయి, నైజీరియా మూలములు గల దామోలా ఆడమొలేకున్ అను, అప్పటికి ముప్పదియైదేండ్ల, యువకుని నాయకత్వమున మరల నిలబడుటకు యత్నింపసాగెను. శాలలు మూతపడిన వార్త వినినప్పుడు నల్లజాతి కుటుంబములలో పెక్కురు తమ తాతల పుట్టినరోజులను తలచుకొని విచారించిరి. ఒక దుకాణము పోయినందుకు ఎవరును అట్లు విచారింపరు, బంతి లేచిపోయినందుకే విచారింతురు.

ఈ చరిత్రను చదివినకొలది నాకు ఆ శాలయందు గౌరవము పెరిగినదే కాని తగ్గలేదు. ఒక దేశమున తరతరములు వాకిట నిలుచుండబెట్టబడినవారికి, సిగ్గును భయమును లేక కూర్చుండి తినగల బల్లను వేయుట చిన్న పని కాదు. అది లాభమునకై వేసిన బల్లయే యైనను, దానియొద్ద కూర్చున్నవారి సంతోషము నిజమైనది. కాని బంతి యను దీపము ఆ బల్లను మాత్రమే చూపి ఆగదు. పళ్ళెమున ఆవిరులు గ్రక్కు రొయ్య వెనుక గట్టుపై నిద్రకాచిన రైతు కలడు; మంచుగడ్డల చలిగదిలో నిలుచుండి, చేతులు తిమ్మిరులెక్కుచుండ, తలలు త్రుంచి పెంకులు ఒలిచిన ఆడుకూలీ కలదు; ఉప్పునీరు పొంగిన పొలము ప్రక్కన బిందె పట్టుకొని మంచినీటికై పోవు పల్లె యిల్లాలు కలదు. నేడు ఆ శాలలలో భుజించువారిలో గోదావరి మండలములనుండి వలసపోయిన తెలుగు యువకులును కలరు. తమ మేనమామ చెరువులో పెరిగిన రొయ్యయే తమ పళ్ళెమున పడినను గుర్తింపజాలరు.

మన యిండ్లలో విందు ముగియునప్పుడు గృహస్థు తాను విస్తరి ముందు కూర్చుండుటకు పూర్వము పెరటిలోనికి పోయి, పొయ్యి రాజేసినవారును, పాత్రలు తోమువారును తినిరా యని విచారించుట పెద్దలు నేర్పిన ఆచారము. లేక్‌లాండున 1968లో వేసిన బల్ల వాకిట నిలిచినవారిని లోనికి పిలిచినది. పెరటిలోనివారిని గూర్చిన ఆ విచారణ ఇంకను చేయవలసియే యున్నది.